విహారనౌకా యాత్ర – గృహిణి పద్దు

తీర్థయాత్రకు బయలుదేరునప్పుడు మన పెద్దలు మొదట తలచుకొనునది మొక్కు. పిమ్మట లెక్కచూచుకొనునది ఖర్చు. విహారయాత్రకు బయలుదేరు మనము ఖర్చును మాత్రము లెక్కచూచుకొని మొక్కును మరచుచున్నాము. విహారమునకు మొక్కేమని సోదరీమణులు నవ్వవలదు. ఏ కోరికతో ఇల్లు కదలుచున్నామో ఆ కోరికయే దాని మొక్కు. ఈ చిన్నమాటను నేను లక్షరూపాయలకు పైబడిన వ్యయముతో నేర్చుకొంటిని. నావలె మరియొకరు ఇంత వెలపెట్టి నేర్చుకొన నక్కరలేదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది బాపట్ల ప్రాంతము. మా వారు బడిపంతులు. నాది ఇంటిచదువు. మా తండ్రిగారు వీథియరుగుమీద కూర్చుండబెట్టుకొని అమరమును, ఆంధ్రభారతమును చెప్పిరి. లెక్కలు మాత్రము మా అమ్మ వంటయింటిలో నేర్పినది. నెలజీతము వచ్చిననాడే పాలు, బియ్యము, బడిరుసుము, మందులు, చీటీపాట అని పద్దు విడదీసి వ్రాయుట నాకు పెండ్లియైననాటినుండి అలవాటు. మా యింట ఏనాడును నెలాఖరున చేబదులు తేలేదని నాకు కొంత గర్వము కూడ కలదు.

2022వ సంవత్సరము వేసవిలో మా వారికి చిరకాలముగా రావలసియున్న పాతబాకీ జీతము 1,20,000 రూపాయలు ఒక్కసారిగా చేతికి వచ్చినది. ఆ యేడే జూను మాసమున చెన్నపట్టణమునుండి విశాఖపట్టణమునకు విహారనౌక నడచుచున్నదని పత్రికలలో పడినది. ఆ వార్త చదివి మా అత్తగారు, ‘ఓడమీద విశాఖపట్టణము పోవచ్చునటరా?’ అని మా వారిని రెండుమారు లడిగిరి. వారికి డెబ్బది యేండ్లు. కొడుకును ఏదియు అడుగని మనిషి. ఆ యడుగుటకు కారణము మా యింట అందరికిని తెలియును.

అత్తగారి తండ్రి చిన్నతనమున అందరివలెనే పొట్టచేతబట్టుకొని విశాఖ రేవున స్టీమరెక్కి రంగూను పోయిన మనిషి. అక్కడ బియ్యపు మిల్లులో పనిచేసెను. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడిన పిమ్మట, కట్టుబట్టలతో ఓడ డెక్కుమీద కూర్చుండి తిరిగి వచ్చెను. తెల్లవారుజామున యారాడ కొండ కనబడగానే ఓడలోని మనవారందరును లేచి నిలువబడి యేడ్చిరని ఆయన ముసలితనమున పదేపదే చెప్పెడివాడట. ఆ కొండనే దొరలు డాల్ఫిన్ నోస్ అనిరి. అత్తగారు విశాఖను రైలులో వెళ్లి చూచిరి. ఆ కొండను బీచిమీదనుండి చూచిరి. సముద్రముమీదినుండి చూడలేదు.

మా వారు పత్రిక చేతబట్టుకొని, ‘మనిషికి 20,000 రూపాయలట. నీవు, నేను, అమ్మ, పాప. నలుగురికి 80,000. ఇంకను 40,000 మిగులును’ అనిరి. పంతుళ్లు గుణకారమునందు దిట్టలు, కూడికయందు కారు. నేను పద్దుపుస్తకము తెచ్చి రెండుదినములు కూర్చుండి ఈ విధముగా వ్రాసితిని.

నౌక టిక్కెట్లు, నలుగురికి – 66,000
పన్నులు, రేవు రుసుము, సేవారుసుము – 17,000
రానుపోను రైలు, శీతలపు పెట్టెలో – 8,000
చెన్నపట్టణమున ఒకరాత్రి బస, భోజనము – 4,000
క్రొత్త పెట్టె, బట్టలు, మందులు – 6,000
నౌకలో చిల్లర – 3,000
విశాఖలో ఒకదినము – 3,000
బీమా – 1,000
కొంగుముడి – 11,000
మొత్తము – 1,19,000

ఇందు ఒక్కొక్క పద్దును గూర్చి చెప్పవలసియున్నది.

ప్రకటనలో పెద్దయక్షరములతో వేయు ధర, ఇద్దరు కలిసి ఒకగదిలో నుండినప్పుడు మనిషి కొక్కింటికి పడు ధర. ఒంటరిగా పోవువారు గది యంతకును ఇచ్చుకొనవలసివచ్చును గనుక వారికి ఇంచుమించు రెట్టింపగును. అదే గదిలో మూడవవారు, నాలుగవవారు గోడకు బిగించిన పై పడకలలో పరుండుదురు; వారికి ధర తగ్గును. కావుననే మాకు 80,000 కాక 66,000 అయినది. ఇది చూచి సంతోషించునంతలో రెండవపద్దు వచ్చినది. పన్నులు, రేవులకు చెల్లించు రుసుములు, నౌకలో వండి వడ్డించి గదులూడ్చువారికై దినమునకు మనిషికింత అని కట్టు సేవారుసుము, ఇవన్నియు ప్రకటనధరలో చేరియుండవు. అన్ని హంగులతో కలిపి చిట్టచివర చెల్లింపవలసిన మొత్తమెంతయో వ్రాతమూలకముగా తెప్పించుకొనిన గాని బయానా ఈయకుడు. మా ప్రాంతమున మోటుపల్లి యను పాత రేవు కలదు. 13వ శతాబ్దమున కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనము వేయించి, ఓడవర్తకులవద్ద ఏ సరకునకు ఎంత సుంకము తీయవలయునో రాతిమీద చెక్కించెను. అంతకుమించి తీయబోమని మాట యిచ్చెను. ముందుగా తెలిసిన సుంకమువలన భయములేదు. తెలియని సుంకమే భయము. నౌకాయాత్రకు పోవు గృహిణి మొదట సంపాదింపవలసినది అట్టి శాసనమే.

చెన్నపట్టణమున ఒకరాత్రి బస దుబారా యని మా వారు కొట్టివేయబోయిరి. నేను ఒప్పుకొనలేదు. రైలు నాలుగుగంటలు ఆలస్యమైనను రైలే. నౌక మాత్రము మనకొరకు నిలువదు. ఎక్కువారు రేవునందు ఇన్నిగంటలలోపల చేరవలయునని నియమముండును. ఆ గడువు దాటినచో సొమ్మంతయు నీటిపాలే. నౌక కదలు దినమునకు ముందటి దినముననే రేవుపట్టణము చేరుట పొదుపేకాని దుబారా కాదు. మధ్యరేవులలో దిగి ఊరు చూడబోవువారికిని ఇదే నియమము. నౌకవారు ఏర్పరచిన బండిలో పోయినచో ఖర్చెక్కువ, కాని ఆ బండి ఆలస్యమైనను నౌక కాచుకొనును. మనమే ఆటో కుదుర్చుకొని పోయినచో ఖర్చు తక్కువ, కాని గడియారము చూచుకొను భారము మనదే. ఆ గడియారమును నౌకలోని కాలమును బట్టియే ఉంచుకొనవలయును.

బీమా పత్రమును సంతకము చేయుటకు ముందు చదువుడు. నౌకలో వైద్యుడుండును; కాని ఉచితముగా చూడడు. యాత్ర మానుకొనినచో ఎన్నాళ్లముందు మానుకొనిన ఎంతసొమ్ము తిరిగివచ్చునో కూడ అడిగి వ్రాసికొనుడు. దినము దగ్గరపడినకొలది తిరిగివచ్చునది తగ్గిపోవును. ఇంట వృద్ధులున్నవారికి ఈ రెండుమాటలును ముఖ్యములు.

కొంగుముడి యనగా, మొత్తపు ఖర్చులో పదవవంతు ఏ పద్దునకును చెందక విడిగా నుంచుకొను సొమ్ము. మన నాయనమ్మలు ప్రయాణములో చీరకొంగున ముడివేసికొనునది ఇదియే. దీనిని ముట్టకుండ తిరిగివచ్చుట ఉత్తమము. ఇది లేకుండ బయలుదేరుట అవివేకము. అప్పుచేసి విహారమునకు పోవుటను గూర్చి నేను చెప్పనే అక్కరలేదు. నెలవాయిదాలపై యాత్రలు చేయించెదమను వారు ఇప్పుడు ఇంటింటికి ఫోను చేయుచున్నారు. రెండురాత్రుల వేడుకకు పండ్రెండు నెలల వడ్డీ కట్టుట సంసారికి తగదు.

ఇక గదిమాట. నౌకలో గదులు ముఖ్యముగా మూడు తెరగులు. కిటికీలేని లోపలిగది అన్నిటికంటె చవుక. గాజుకిటికీ గలది దానికంటె ప్రియము. వసారా గలది ఇంకను ప్రియము. మా నలుగురికి కిటికీగది కావలెనన్నచో 12,000 అదనమని టిక్కెట్టులమ్మువాడు ఫోనులో చెప్పెను. నా పద్దు 1,19,000 దగ్గర నిలిచియున్నది. 12,000 చేర్చినచో 1,31,000. వచ్చిన సొమ్ము దాటిపోవును. ‘గది నిద్రించుటకే గదా! సముద్రము చూడవలెనన్న పైకెక్కి చూతుము. లోపలిగదియే చాలును’ అని నేను ఫోనులో స్పష్టముగా చెప్పితిని. అప్పుడు అత్తగారు ఎదుట కూర్చుండి చేటలో బియ్యము ఏరుచుండిరి. నా మాట విని ఒక్కక్షణము చేయి నిలిపిరి, మరల ఏరసాగిరి. ఏమియు ననలేదు. నేనును ఏమియు నడుగలేదు.

నౌకనెక్కిన దినమున కొన్నిసంగతులు మంచివి, కొన్ని చెడ్డవి జరిగెను. పెద్దపెట్టెలను రేవులోనే తీసికొని చీటీ కట్టుదురు. అవి గదికి చేరుట ఏ సాయంత్రమునకో. అత్తగారి రక్తపోటు మాత్రలను నేను చేతిసంచిలోనే ఉంచితిని గనుక బాధ లేకపోయెను. మందులు, గుర్తింపుకార్డులు, ఒకజత బట్టలు, శాలువ, ఇవి చేతిసంచి వదలి పోరాదు. లోపల శీతలయంత్రముల చలికి శాలువ కావలసివచ్చును. ఇస్త్రీపెట్టెను, నీళ్లు కాచుకొను విద్యుత్పాత్రను నౌకలోనికి రానీయరు, అగ్నిభయము. నేను తెచ్చిన చిన్న ఇస్త్రీపెట్టెను వారు తీసికొని దిగునాడు తిరిగి యిచ్చిరి.

నౌకలో రొక్కము నడువదు. ఎక్కునప్పుడొక కార్డునిత్తురు. అదియే గదికి తాళపుచెవి, అదియే పద్దుపుస్తకము. మూడుపూటల భోజనము టిక్కెట్టులోనే చేరియున్నది. శాకాహారము సమృద్ధిగా నుండెను. కాని సీసాపానీయములు, ప్రత్యేకభోజనశాలలు, వారుతీయు ఛాయాచిత్రములు, కొన్ని ఆటలు, వీనికి వేరుగా పడును. సొమ్ము చేతినుండి పోవుట కనబడదు గనుక ఖర్చు తెలియదు. నేను ప్రతిరాత్రి బల్లయొద్దకు పోయి ఆనాటి లెక్క అచ్చువేయించి తీసికొంటిని. మొదటిరాత్రియే మేము త్రాగని రెండు పానీయములు మా పేర నుండెను; చెప్పగా తీసివేసిరి. దిగునాటి రద్దీలో చెప్పిన వినువారుండరు. పిల్లల కార్డుపై ఖర్చు వ్రాయరాదని మొదటనే చెప్పవచ్చును. నేను చెప్పితిని, మా పాప అలిగెను.

తీరము దాటిన పిమ్మట సెల్‌ఫోను ఊరిగోపురములను వదలి నౌకలోని ఉపగ్రహపు సంకేతమును పట్టుకొనును. ఒక్కమాటకు ఎంత పడునో చెప్పలేము. రేవు దాటకముందే ఫోనులను ఫ్లైట్ మోడులో ఉంచుడు. రెండుదినములు చుట్టములకు మన వార్త తెలియకున్న కొంపలు మునుగవు.

బయలుదేరుటకు ముందు ప్రయాణికులందరును ప్రాణరక్షణపు కసరత్తునకు రావలయును. కొందరు దీనిని తప్పించుకొనజూచిరి. ఇటలీ తీరమున 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా అను విహారనౌక బండకు తగిలి ఒరిగినప్పుడు 32 మంది మరణించిరి. ఆనాడే ఎక్కిన ప్రయాణికులనేకులకు అప్పటికింకను ఈ కసరత్తు చేయించియుండలేదు. తరువాత అంతర్జాతీయ నియమము మారినది. ఇప్పుడు నౌక కదలకముందో, కదలిన వెంటనేయో ఇది జరుగవలసినదే. అంతదూరమేల? మన గోదావరిలో కచ్చులూరు యొద్ద 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు పోయిన పడవ మునిగినప్పుడు ఎన్ని యిండ్లు దీపము లేనివైనవో మనమెరుగుదుము. రక్షణకవచము ఎక్కడనున్నదో, ఎట్లు కట్టుకొనవలెనో, ఏ మెట్లవెంట పోవలెనో తెలిసికొనుటకు అరగంట పట్టును. ఆ అరగంట విహారములోనిదే యనుకొనుడు.

ఆ సాయంత్రము నౌక కదలినది. అత్తగారు డెక్కుమీద కమ్మి పట్టుకొని నిలిచి, చెన్నపట్టణపు దీపములు తరుగుట చూచిరి. రాత్రి గాలి హెచ్చినది. జూను మాసమున నైరృతిపవనముల వలన సముద్రము నెమ్మదిగా నుండదను సంగతి నేను తరువాత తెలిసికొంటిని. మన బంగాళాఖాతమున ఏప్రిలు మేలలోను, అక్టోబరునుండి డిసెంబరువరకును తుఫానుల భయము హెచ్చు. జనవరినుండి మార్చివరకు సముద్రము తక్కిన కాలముకంటె శాంతముగా నుండును. మేము సెలవులను చూచితిమి గాని గాలిని చూడలేదు.

తెల్లవారుసరికి అత్తగారికి తలతిరుగుట, వాంతులు. వైద్యుడు చూచి మందిచ్చి, పరుండియుండు మనెను. అందుకు 2,500 రూపాయలు కొంగుముడినుండి పోయినవి. పాపను తీసికొని మా వారు ఫలాహారమునకు పోయిరి. నేను గదిలో కూర్చుంటిని. దీపమార్పినచో చిమ్మచీకటి, వేసినచో రాత్రివలె వెలుగు. కొంతసేపటికి అత్తగారు కన్నులు తెరచి, ‘అమ్మాయీ, తెల్లవారినదా?’ అని అడిగిరి.

అప్పటికి పదిగంటలైనది. బయట ఎండ కాయుచుండవలెను. చుట్టును సముద్రము. ఆ సముద్రమును చూచుటకే వచ్చిన మనిషి గోడవైపు తిరిగి తెల్లవారినదా యని నన్నడిగెను. నాకు నోటమాట రాలేదు.

పద్దుపుస్తకము చేతిసంచిలోనే యున్నది. తీసి చూచితిని. రైలులో శీతలపు పెట్టె కాక మామూలు పడకపెట్టెలో పోయియున్నచో 5,000 మిగిలియుండును. క్రొత్తపెట్టె, క్రొత్తబట్టలు మానియున్నచో 5,000. నౌకలో చిల్లర 3,000 లో 2,000 తీసివేయవచ్చును. మొత్తము 12,000. కిటికీవెల సరిగా అంతే! నా పద్దులో ఆ సొమ్ము మొదటనుండియు నున్నది, నాకే కనబడలేదు. అందరి సౌఖ్యములకును అందు చోటున్నది. అత్తగారి కోరికకు మాత్రము చోటులేదు. కూడికలో తప్పులేదు. అసలు తప్పు మొదటి పంక్తిలో నుండెను: ఈ యాత్ర ఎందుకొరకో ఆ పుస్తకములో ఎక్కడను వ్రాసియుండలేదు.

బల్లయొద్దకు పోయి కిటికీగది ఏదైన దొరకునేమో యని బ్రతిమాలితిని. అన్నియు నిండినవి. కొంగుముడిలో సొమ్మున్నది, కొనుటకు కిటికీ లేదు. అక్కడి అమ్మాయి నా ముఖము చూచి జాలిపడి ఒక చక్రపు కుర్చీ తెప్పించి, నౌక నడిమిభాగమున క్రిందియంతస్తులోనున్న కూర్చుండుశాలకు పెద్దామెను తీసికొనిపొమ్మనెను. అక్కడ గోడపొడవునను గాజుకిటికీలు. అందుకు రుసుము లేదు. అడిగిన దొరకునవి లోకమున నెన్నియో కలవు, మనమే అడుగము.

నౌక ఊగుట కొనలయందు హెచ్చు, నడుమ తక్కువ. పైయంతస్తులలో హెచ్చు, క్రింద తక్కువ. శరీరము ఊగుచున్నదని చెవిలోని యంత్రము చెప్పుచుండగా, కదలని గోడను చూచుచున్న కన్ను లేదని చెప్పును. ఈ రెండింటి కలహమే సముద్రపు వికారము. దూరమున నీరును ఆకాశమును కలియు గీతను చూచుచుండినచో కన్నును చెవియు ఒకమాటకు వచ్చును. కావున వృద్ధులకు, వికారము గలవారికి నడిమిభాగమున, క్రిందియంతస్తులో, ఎక్కుయంత్రమునకు దగ్గరగా, కిటికీగల గది తీసికొనుడు. మాత్ర వేసికొనువారు వైద్యుని అడిగి, ఊగుట మొదలుకాకముందే వేసికొనవలయును. అల్లపుముక్క కొందరికి హితము చేయును. ఖాళీకడుపున ఉండరాదు.

అత్తగారు ఆ గాజుప్రక్కన గంటసేపు నీటిగీతను చూచిరి. వికారము తగ్గినది. పెరుగన్నము రెండుముద్దలు తినిరి. మధ్యాహ్నమంతయు అక్కడనే కూర్చుండి పాపకు రంగూను కథలు చెప్పిరి. మేమిరువురము వంతులవారీగా వారియొద్ద కూర్చుంటిమి. రాత్రి నాటకశాల, సంగీతము మేము చూడలేదు.

మరునాడు తెల్లవారకమునుపే వారిని కుర్చీలో డెక్కుమీదికి తీసికొనిపోతిమి. చల్లగాలి. కొంతసేపటికి ఎడమప్రక్క నల్లగా, నీటిలోనికి ముక్కు చాచిన కొండ. తరువాత కుడిప్రక్కన రేవుదరి మూడుకొండలు, వానిపై గుడి, మసీదు, చర్చి. అత్తగారు కుర్చీనుండి లేచి నిలిచి, కొండ దగ్గరపడువరకు కూర్చుండలేదు. ఏడ్వలేదు. ‘ఇంతదూరమునుండియే కనబడును. నాయన చెప్పినది నిజమే’ అని మాత్ర మనిరి.

దిగుటకు పెట్టెలు సర్దుచుండగా వారు బొడ్డుసంచిలోనుండి ఒక కాగితపు పొట్లము తీసి నా చేతిలో పెట్టిరి. అందు పింఛనుసొమ్ము కూడబెట్టినది పదునైదువేలు. ‘వైద్యునికిచ్చినది ఇందులో తీసికొను మమ్మాయీ’ అనిరి. ‘ఈ సొమ్ము అప్పుడే యున్నదా, అత్తయ్యగారూ?’ అంటిని. ‘ఉన్నది. కిటికీకి ఇత్తునని అనుకొంటిని. నీవు లెక్క తెగవేసి చెప్పితివి. పద్దుపుస్తకము నీది, నడుమ నేనేల మాటాడవలెనని ఊరకుంటిని.’

నేనా సొమ్ము పుచ్చుకొనలేదు. కాని ఆ మాట ఈనాటికిని నాలో ముల్లువలె నున్నది. ఆమె అడుగక, నేను అడుగక, పండ్రెండువేల రూపాయల కిటికీ ఒకటి మా నడుమ మూసికొనిపోయినది. మా యింట పద్దు నేను వ్రాయుదును. దానిని ఎవ్వరికిని చదివి వినిపింపను. అది నా నేర్పనుకొంటిని. అది నా నేర్పు కాదు, నా అధికారము.

కావున సోదరీమణులకు నా విన్నపము. యాత్రకు పద్దు వ్రాయునప్పుడు మొదటి పంక్తిలో అంకె వ్రాయకుడు. ఎవరి ఏ కోరికకొరకు పోవుచున్నామో ఒక్కవాక్యము వ్రాయుడు. రెండవ పంక్తిలో ఆ కోరికకు తప్పనిసరియైన ఖర్చు వ్రాయుడు. అది ముట్టరానిది. తక్కిన పద్దులన్నియు దానివెనుక నడువవలయును. సొమ్ము చాలనిచో క్రింది పద్దులను కోయుడు. అప్పటికిని చాలనిచో ఒక ఏడు ఆగుడు. సముద్రము ఎక్కడికిని పోదు. పద్దు పూర్తియైన పిమ్మట, బయానా పంపకముందు, ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి బిగ్గరగా చదువుడు. చదివి, ముసలివారివైపు తిరిగి, ‘మీకేమి తోచుచున్నది?’ అని పేరుపెట్టి అడుగుడు. వారు తమంత తాము చెప్పరు.

బిడ్డలు దేశాంతరములనుండి పిలువగా నౌకాయాత్ర చేయు తల్లులకు రెండుమాటలు. స్వదేశములో గుర్తింపుకార్డు చాలును; పరదేశములో పాస్‌పోర్టునకు ఆరుమాసముల గడువుండవలయును. సింగపూరున ఎక్కి మలేషియాలో దిగి మరల సింగపూరు చేరుట రెండవ ప్రవేశమగును. పలుమార్లు ప్రవేశించుటకు చెల్లు వీసా కావలయును. అమెరికాలో సియాటిల్ నుండి అలాస్కాకు పోవు నౌకలు చాలవరకు నడుమ కెనడా రేవున ఆగును. పరదేశపు జెండాగల నౌక పరదేశపు రేవొకటి తాకి రావలయునని అక్కడ 1886 నాటి చట్టము. మన పాస్‌పోర్టుతో పోవువారికి కెనడా వీసా కూడ కావలయును. బిడ్డలు అమెరికా పౌరులైనచో వారికి ఈ చిక్కు లేదు గనుక వారికి తోచకపోవచ్చును. తల్లియే జ్ఞాపకము చేయవలయును. కరీబియను సముద్రమున జూనునుండి నవంబరువరకు తుఫానుల కాలము. టిక్కెట్లు చవుకగా దొరకుటకు అదియు నొక కారణము.

ఇంటికి వచ్చి లెక్క చూడగా కొంగుముడిలో 8,500 మిగిలెను. అది ఖర్చుపెట్టక వేరొక సంచిలో ఉంచితిని. నెలనెల కొంత వేయుచున్నాను. క్రొత్త పద్దుపుస్తకము కొంటిని. దాని మొదటిపుట మొదటిపంక్తిలో ఇట్లు వ్రాసియున్నది: ‘అత్తయ్యగారికి పగలంతయు సముద్రము కనబడవలెను.’ ఖర్చు ఇంకను వ్రాయలేదు. వ్రాసిననాడు వారికే మొదట చదివి వినిపింతును.